పరిగ

పుస్తకంలో కోత అని రాసి ఉంది.
గాలిలోని రేడియో అలల్ని కోసి
కరెంటు చేసుకోవడమట.
నవ్వొచ్చింది.
కోసేవాడికి పొలముంటుంది, కొడవలుంటుంది,
కట్టలు మోసే మనుషులుంటారు.
నా దగ్గరున్నది జానెడు రాగితీగ,
ట్రంకురోడ్డులో బేరమాడి కొన్న రెండు డయోడులు,
కాలేజీ ల్యాబులో ముల్లు వంగిన మీటరు.
ఇది కోత కాదు.
పరిగ.

పరిగంటే మా అమ్మ చెంచమ్మనడగాలి.
ఇనమడుగు మళ్ళలో మొలగొలుకులు కోశాక
ఆఖరి కట్ట గట్టెక్కిందాకా
వీళ్ళంతా కాలవ పక్కన కూచోవాలి.
రఘురామిరెడ్డి చెయ్యూపితే అప్పుడు దిగాలి.
ఎత్తని నడుముతో, కొయ్యకాళ్ళ మధ్య
రాలిన ఒక్కో వెన్ను.
ఎలుక కలుగు తవ్వితే ఇంకో దోసెడు,
అదృష్టం బాగుంటే.
ఒడి బరువెక్కేసరికి పొద్దు వాలేది.
చెరిగితే సగం మన్నే.
మిగతా సగం నేను.

ఇప్పుడా మడి పక్కన సెల్ టవరుంది.
రాత్రనక పగలనక వెదజల్లుతూనే ఉంటుంది.
ఫోనులో పడ్డ గింజ మాటవుతుంది,
తక్కినవన్నీ మిద్దెగోడల్లో, తాటిమట్టల్లో,
బురదలో పడుకున్న గేదె వీపు మీద పడి
ఎవరికీ తెలియనంత వెచ్చబడి
అక్కడే అణిగిపోతాయి.

అలలో సగం పొడవుండాలి తీగ.
లెక్క కడితే ఎనిమిది సెంటీమీటర్లు.
అమ్మ కొలతలో బెత్తెడు.
నాలుగు వేళ్ళు ఆనించి కత్తిరించి
ఆ తర్వాతే స్కేలు పెట్టాను.
నూలువాసి తేడా.
ఆ నూలువాసి మూడు రోజులు తినేసింది.
తీగకీ డయోడుకీ పొత్తు కుదరకుంటే
వచ్చిన అల వచ్చినట్టే తిరిగిపోతుంది,
పేరంటానికి పిలిచి తలుపు తియ్యనింటి ముందు నుంచి
పోయినట్టు.
కుదిరాక కూడా డయోడు గడప ఎత్తు.
పొట్టి అలలు దాటలేవు.
ఒకరి భుజమ్మీద ఒకరెక్కినట్టు రెండోదాన్ని కలిపాను.
వేలు కాలింది. టంకం నేలపాలైంది.

ఆదివారం.
రోడ్డు పక్క పట్టలమీద ఆరబోసిన వడ్లు.
రాశిలో దూర్చిన చిన్న బిళ్ళ తేమ కొలుస్తుంది,
దానికి బ్యాటరీ లేదు, వైరు లేదు,
నా తీగే దిక్కు.
పదిహేడు దాటితే మిల్లువాళ్ళు మొహం తిప్పుకుంటారు.
టవరు కెదురుగా నిలబడ్డాను.
ముల్లు కదల్లేదు.
నిలువుగా పట్టాను, అడ్డంగా పట్టాను,
ఎండలో ముప్పావుగంట.

అమ్మ చేట దించి చూసింది.
"అట్టా బిర్రుగా పట్టుకుంటే ఏం పడుద్ది మే?
వాలుగా పట్టు."
గాలికి చేటను వంచినట్టు
నా మణికట్టును వంచింది.
ముల్లు లేచింది.

ఆ టవరు తన అలల్ని ఏటవాలుగానే విసురుతుందని
నేను చదివాను.
పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

తీగను ఆ వాలులోనే కర్రకు కట్టేశాను.
కెపాసిటరు నిండడానికి నలభై నిమిషాలు,
ఒడి నిండినట్టే, కనపడకుండా.
నిండాక బిళ్ళ కళ్ళు తెరిచి
ఒకే ఒక్క అంకె పలికింది, పంతొమ్మిది,
మళ్ళీ నిద్రపోయింది.
ఫోను చూపించబోయాను.
అమ్మ అప్పటికే ఒక గింజను పంటికింద వేసి
టక్కున కొరికింది.
"ఇంగా రెండెండలు కావాల."

కాసేపటికి టవరు వంక చూసి అడిగింది:
"ఎవురి పొలం మే అది?"
కంపెనీ పేరు చెప్పాను.
"మనం ఏరుకుంటే
ఎవురికన్నా మాట తగ్గుద్దా?"
తగ్గదమ్మా, గోడల పాలయ్యేదే.
"అడిగే ఏరతా ఉండావా?"

టవరు మీద ఎర్రలైటు వెలిగింది.
గట్టుమీద చూశాను,
చెయ్యూపే మనిషెవరూ లేరు.
అమ్మ ఇంకో గింజ తీసి కొరికింది.